దూరపు బేరం, దగ్గర బేరం

పిల్లలూ! సంతలో గేదెను కొనడం మీరు ఎప్పుడైనా చూశారా? చూసి వుండకపోతే మీ తాతగారిని అడగండి. కొనేవాడు ముందు గేదె నోరు తెరిచి పళ్లు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి కాళ్లు చూస్తాడు. పొదుగు తడిమి చూస్తాడు. వీలుంటే ఒక పూట పాలు పితికి చూస్తాడు. ఆ తరువాతనే ధర మాట ఎత్తుతాడు. చెరువులో పడుకున్న గేదెను మాత్రం ఎవరూ బేరమాడరు. నీళ్లమీద దాని కొమ్ములూ, ముట్టే కనిపిస్తాయి. మిగతాదంతా నీళ్లలో వుంటుంది. అందుకే తెలివితక్కువ బేరాన్ని పెద్దలు నీళ్లలో గేదెను బేరమాడినట్లు వున్నదని అంటారు.

ఈ సామెత నాకు మన వూళ్లో కాదు, ఇంగ్లండులో గుర్తుకు వచ్చింది. ఎలాగో చెబుతాను, వినండి.

2023 వేసవిలో నేను ఇంగ్లండులో వుంటున్న మా అబ్బాయి ఇంటికి వెళ్లాను. మనవడికి అప్పుడు పదమూడేళ్లు, మనవరాలికి పదేళ్లు. నేను వెళ్లేసరికి ఆ ఇంట్లో ఒక తగవు నడుస్తున్నది. ఆ తగవు ఒక ఆటయంత్రం గురించి. దాని పేరు పిన్‌బాల్.

పిన్‌బాల్ యంత్రాన్ని మీలో చాలామంది చూసి వుండరు. నాలుగు కాళ్లమీద నిలబడిన పొడుగాటి పెట్టె అనుకోండి. దాని పైభాగాన గట్టి అద్దం వుంటుంది. అద్దం కింద రంగు బొమ్మలు వేసిన చెక్క పలక వుంటుంది. ఆ పలక ఆడేవాడి వైపు కొంచెం వాలి వుంటుంది. ఆ వాలు సుమారు ఆరున్నర డిగ్రీలు. ఒక స్ప్రింగు కడ్డీని లాగి వదిలితే, 27 మిల్లీమీటర్ల ఉక్కు గోళీ పలక పైకొసకు దూసుకుపోతుంది. అక్కడినుంచి కిందికి దొర్లుతూ మేకులనూ, గంటలనూ, రబ్బరు చుట్టిన గుంజలనూ తాకుతుంది. తాకినప్పుడల్లా లెక్క పెరుగుతుంది. అడుగున రెండు చిన్న రెక్కలు వుంటాయి. పక్కనున్న మీట నొక్కితే అవి లేచి గోళీని మళ్లీ పైకి కొడతాయి. గోళీ వాటి మధ్యనుంచి జారిపోయిందా, ఆ గోళీకి ఆట అయిపోయినట్లే!

ఈ ఆట పుట్టుక చిత్రమైనది. ఫ్రాన్సులో బాగటెల్ అని ఒక బల్ల ఆట వుండేది. అందులో గోళీని కర్రతో పొడిచేవారు. 1871లో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనే ఆయన అమెరికాలో, కర్రకు బదులు స్ప్రింగు కడ్డీ పెట్టి పేటెంటు తీసుకున్నాడు. 1931లో డేవిడ్ గాట్లీబ్ తయారుచేసిన బాఫిల్ బాల్ అనే చిన్న యంత్రం విపరీతంగా అమ్ముడుపోయింది. కాని అప్పటికింకా రెక్కలు లేవు. ఒకసారి గోళీని వదిలాక ఆడేవాడు చూస్తూ నిలబడవలసిందే. 1947లో గాట్లీబ్ కంపెనీ హంప్టీ డంప్టీ అనే యంత్రానికి ఆరు రెక్కలు అమర్చింది. అప్పటినుంచి అది అదృష్టం ఆట కాక, చేతి నేర్పు ఆట అయింది. ఈ యంత్రాలకు పుట్టిల్లు చికాగో నగరం. గాట్లీబ్, బాలీ, విలియమ్స్ కంపెనీలన్నీ అక్కడివే. అందుచేత ఇంగ్లండులో పాత పిన్‌బాల్ యంత్రం కొనదలచినవాడి చూపు సహజంగానే అమెరికా వైపు మళ్లుతుంది.

ఇక మన తగవుకు వద్దాం.

మా మనవడు మూడేళ్లుగా పుట్టినరోజు డబ్బు దాచుకున్నాడు. మిగతాది తాను వేస్తానని, యంత్రం ఇంటిల్లిపాదికీ అని, మా అబ్బాయి మాట ఇచ్చాడు. వాళ్ల వూళ్లో పాత యంత్రాలు బాగుచేసి అమ్మే ముసలాయన ఒకడున్నాడు. ఆయన దుకాణంలో 1980లలో తయారైన యంత్రం ఒకటి మావాడికి నచ్చింది. సరిగ్గా అలాంటిదే అమెరికాలో ఒకాయన అమ్మకానికి పెట్టిన ఫోటో కూడా వాడు చూశాడు. రెండు ధరలకూ చాలా తేడా వున్నది.

"చూడు తాతయ్యా! అమెరికాలో 3,000 పౌన్లు. ఇక్కడ ఈయన 4,900 అంటున్నాడు. ఒక్క యంత్రం మీద 1,900 లాభం! ఈయన వట్టి మోసగాడు," అన్నాడు మావాడు.

పిల్లలూ, ఇక్కడ ఒకమాట. ఈ లెక్కంతా మీకు సులువుగా అర్థం కావాలని అంకెలను నేను గుండ్రంగా మార్చాను. ఇవి బజారు ధరలని అనుకోకండి. మీరు చూడవలసింది లెక్క నడిచే తీరు.

"ఒరేయ్, మనిషిని మోసగాడు అనడానికి ముందు లెక్క చెయ్యాలి. లెక్క అయ్యాక కూడా ఆ మాట నిలబడితే అప్పుడు అందువుగాని. కాగితం తీసుకురా," అన్నాను.

వాడు కాగితం మీద 3,000 వేశాడు.

"యంత్రం బరువెంత?" అని అడిగాను.

"సుమారు 120 కిలోలు," అన్నాడు.

"120 కిలోల యంత్రం, పైన అద్దం, లోపల వందల కొద్దీ దీపాలు, తీగలు. దాన్ని టపాలో వేస్తారా?"

వాడు నవ్వాడు. కాళ్లు విప్పాలి. వెనక నిలబడి వుండే తలపెట్టెను మడవాలి. మొత్తాన్ని చెక్కపెట్టెలో బిగించాలి. ఆ చెక్కకూ ఒక నియమం వుంది. కలపలో దాగిన పురుగులు ఒక దేశంనుంచి మరొక దేశానికి పోకుండా, పెట్టె చెక్కను వేడిచేసి ముద్ర వెయ్యాలి. వీటన్నిటికీ 200 పౌన్లు వేశాం. ఓడ కిరాయికీ, దారిలో ఏమైనా జరిగితే ఆదుకునే భీమాకూ 500. ఇంగ్లండు రేవులో దించడానికీ, కాగితాలు నడిపే ఏజెంటుకూ, లారీలో ఇంటికి చేర్చడానికీ 300. మొత్తం 4,000 పౌన్లు అయింది.

"ఇంకా పన్ను వుంది. నూటికి 20. మూడువేలకు 600. అంటే 4,600. అయినా 300 మిగిలింది తాతయ్యా!" అన్నాడు మావాడు.

నేను మాట్లాడలేదు. పక్కన కూర్చుని బొమ్మ గీసుకుంటున్న మనవరాలు తలెత్తి, "ఓడ కిరాయి మీద పన్ను వెయ్యరా?" అని అడిగింది.

ఆ ప్రశ్న వేసినందుకు ఆ పిల్లకు నూటికి నూరు మార్కులు ఇవ్వవచ్చు. ఇంగ్లండులో వ్యాట్ అనే పన్ను వుంది. 2011 నుంచి అది నూటికి 20 చొప్పున వున్నది. పరదేశంనుంచి వచ్చే వస్తువుకు ఆ పన్నును ఒక్క వస్తువు ధర మీదనే లెక్కకట్టరు. దాన్ని తెప్పించడానికి అయ్యే రవాణా ఖర్చులనూ, భీమానూ కలిపి, ఆ మొత్తం మీద లెక్కకడతారు. కాబట్టి మూడువేల మీద కాదు, నాలుగువేల మీద నూటికి 20. అంటే 800. వెరసి 4,800 పౌన్లు!

దిగుమతి సుంకం అని మరొకటి కూడా వుంటుంది. అది వస్తువు ఏ తరగతిలో చేరుతుందో చూసి నిర్ణయిస్తారు. కొన్ని తరగతులకు వుంటుంది, కొన్నిటికి వుండదు. మేము దాన్ని సున్నా అనుకున్నాం. ఉన్నట్లయితే మొత్తం ఇంకా పెరుగుతుంది. మరి దుకాణం ముసలాయన చెప్పిన 4,900? అందులో పన్ను అంతా చేరే వున్నది. ఆ ధరకు ఆయనే యంత్రాన్ని ఇంటికి తెచ్చి, కాళ్లు బిగించి, ఆడించి చూపించి పోతాడు.

1,900 పౌన్ల తేడా వంద పౌన్లకు దిగింది. మావాడు చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ వుండిపోయాడు.

మరునాడు అందరం ఆ దుకాణానికి వెళ్లాం. ముసలాయన మమ్మల్ని చూసి సంతోషించాడు. పిల్లలకు యంత్రం పొట్ట విప్పి చూపించాడు. పైఅద్దం తీసి పలకను పైకి లేపితే, దాని అడుగున రంగురంగుల తీగలు చెట్టు వేళ్లలాగా అల్లుకుని వున్నాయి.

"రెక్క ఎలా లేస్తుందో తెలుసా?" అని ఆయన అడిగాడు.

మీకూ తెలుసు. ఇనుప మేకుకు రాగితీగ చుట్టి బ్యాటరీకి కలిపితే ఆ మేకు అయస్కాంతం అవుతుందని బడిలో చదువుకున్నారు గదా! ఇక్కడా అంతే. మీట నొక్కగానే తీగచుట్టలోకి విద్యుత్తు వస్తుంది. అది ఒక ఇనుప కడ్డీని చటుక్కున లోపలికి లాగుతుంది. ఆ కడ్డీ రెక్కను లేపుతుంది. అయితే తీగచుట్టలు రెండు వుంటాయి. ఒకటి బలమైనది, రెక్కను ఎగరగొట్టడానికి. రెండవది బలహీనమైనది, లేచిన రెక్కను అలాగే పట్టి వుంచడానికి. రెక్క పూర్తిగా లేవగానే ఒక చిన్న స్విచ్చి బలమైన చుట్టకు విద్యుత్తును ఆపేస్తుంది. అది ఆపకపోతే చుట్ట కాలిపోతుంది.

తరువాత ఆయన యంత్రం తలపెట్టె తెరిచాడు. లోపల లెక్కలు చూసే పలక వున్నది. వెనకటి ఆటల లెక్కలు మరిచిపోకుండా వుండటానికి దానికి చిన్న బ్యాటరీ సెల్లులు పెడతారు. వాటిని ఏళ్ల తరబడి మార్చకపోతే అవి కారిపోతాయి. ఆ కారిన రసం పలకమీది సన్నని రాగి దారులను తినేస్తుంది. "ఫోటోలో బొమ్మలు తళతళలాడుతాయి. ఈ పచ్చని మరక మాత్రం ఫోటోలో కనపడదు," అన్నాడు ఆయన.

నాకు నీళ్లలో గేదె గుర్తుకు వచ్చింది ఇక్కడే.

మరొక సంగతి కూడా ఆయన చెప్పాడు. అమెరికా ఇళ్లలో విద్యుత్తు 120 వోల్టులు. ఇంగ్లండులో 230 వోల్టులు, మన దేశంలో మాదిరిగానే. అమెరికా ఇంటికి అమర్చిన యంత్రాన్ని అలాగే తెచ్చి ఇక్కడ గోడకు తగిలిస్తే దాదాపు రెట్టింపు వత్తిడి పడుతుంది. అదృష్టం బాగుంటే ఫ్యూజు మాత్రం పోతుంది. బాగుండకపోతే ఇంకా లోపలికి దెబ్బ తగులుతుంది. అంతే కాదు, అమెరికాలో విద్యుత్తు సెకనుకు 60 సార్లు ముందుకూ వెనక్కూ పోయివస్తుంది. ఇక్కడ 50 సార్లే. అచ్చంగా 60కే తయారుచేసిన ట్రాన్స్‌ఫార్మరు 50 మీద నడిస్తే ఎక్కువ వేడెక్కుతుంది. చాలా యంత్రాల ట్రాన్స్‌ఫార్మర్లలో రెండు రకాలకూ ఏర్పాటు వుంటుంది. కాని లోపలి తీగలను మార్చి కలపడం తెలిసినవాడు చెయ్యవలసిన పని.

అప్పుడు మావాడు ధైర్యంచేసి, "మీ యంత్రాలు మీకు ఎక్కడినుంచి వస్తాయి?" అని అడిగాడు.

ముసలాయన నవ్వి, "మరెక్కడినుంచి? అమెరికానుంచే!" అన్నాడు.

ఆయన ఒక్కటి తెప్పించడు. పన్నెండు యంత్రాలను ఒకే పెద్ద ఇనుప పెట్టెలో తెప్పిస్తాడు. అందుకే ఒక్కొక్కదానికి ఓడ ఖర్చు తగ్గుతుంది. పోయిన తడవ వచ్చిన పన్నెండింటిలో రెండింటికి అద్దాలు పగిలి వచ్చాయి. ఒకదాని పలకను బ్యాటరీ రసం పూర్తిగా తినేసింది. దాన్ని ఇక విడిభాగాలకు మాత్రం వాడుకుంటున్నాడు. "మీరిచ్చే ధరలో ఆ రెండు అద్దాలూ, ఆ మూడో యంత్రమూ కొంచెం కొంచెం వున్నాయి," అన్నాడు.

చూశారా పిల్లలూ! దగ్గర దుకాణంలో కొన్నా, దూరంనుంచి తెప్పించినా యంత్రం వచ్చేది ఒకే దేశంనుంచి. తేడా ఏమిటంటే, దారిలో వచ్చే కష్టనష్టాలను ఎవరు భరిస్తారన్నది. దుకాణంలో కొంటే వాటిని ఆయన భరిస్తాడు, అందుకు కొంత తీసుకుంటాడు. మనమే తెప్పించుకుంటే ఆ కొంత మనకు మిగులుతుంది. కాని అద్దం పగిలితే ఆ పగిలిన అద్దమూ మనదే.

దారిలో తిరిగి వస్తూ నేను మనవలకు నా తప్పు ఒకటి చెప్పాను. మీకూ చెబుతాను.

1998లో నేను ప్రధానోపాధ్యాయుడిగా వున్న బడికి సూక్ష్మదర్శిని కొనవలసి వచ్చింది. దగ్గర పట్టణంలో ఒక దుకాణం వుండేది. దూరపు నగరంలో ఒక కంపెనీ అంతకన్నా 300 రూపాయలు తక్కువకు ఇస్తామని ఉత్తరం రాసింది. బడి డబ్బు గదా, పొదుపు చెయ్యాలని అక్కడినుంచే తెప్పించాను. పార్సిలు విప్పితే అద్దకం ఒకటి పగిలి వున్నది. నేను రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. పట్టణంలోని దుకాణదారు, "మా దగ్గర కొన్నది కాదు గదండీ," అన్నాడు. అతని తప్పేమీ లేదు. మరొక అద్దకం దొరికేసరికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో రెండు తరగతుల పిల్లలు ఉల్లిపొరలోని కణాలను పుస్తకంలో బొమ్మగా మాత్రమే చూసి బడి వదిలి వెళ్లిపోయారు. నేను 300 రూపాయలు మిగిల్చాననే అనుకున్నాను. అసలు ఖర్చు ఆ పిల్లలు పెట్టుకున్నారు.

మనవరాలు, "ఆ పిల్లలకు తరువాతైనా చూపించారా తాతయ్యా?" అని అడిగింది. లేదని చెప్పవలసి వచ్చింది.

అయితే దూరంనుంచి తెప్పించడం ఎప్పుడూ తప్పేనని అనుకోకండి. కొన్ని యంత్రాలు కొన్ని దేశాల్లో దొరకనే దొరకవు. అటువంటిది కావాలంటే తెప్పించుకోక తప్పదు. విద్యుత్తు పని తెలిసి, తానే మరమ్మతు చేసుకోగలిగినవాడికి తెప్పించడంలో లాభం వుండవచ్చు. నలుగురైదుగురు కలిసి ఒకే పెట్టెలో తెప్పించుకుంటే ఖర్చు తగ్గుతుంది. కాపురం మార్చి ఇంగ్లండుకు వచ్చేవారు, అంతకుముందు ఆరు నెలలపాటైనా తమ దగ్గర వుండి వాడుకున్న సామానును, తగిన అనుమతి తీసుకుని, పన్ను లేకుండా తెచ్చుకోవచ్చు. అలాగే దగ్గరలో వున్నంత మాత్రాన ప్రతి దుకాణదారూ మంచివాడని కూడా లేదు. యంత్రం పొట్ట విప్పి చూపించనివాడి దగ్గర, చెడితే ఎవరు బాగుచేస్తారో చెప్పనివాడి దగ్గర, అది పక్కవీధిలోని దుకాణమైనా కొనవద్దు. అదీ నీళ్లలో గేదెయే.

ఆ సాయంత్రం మా అబ్బాయి నిర్ణయాన్ని కొడుక్కే వదిలిపెట్టాడు. వాడు కాగితంమీద రెండు వరసలు రాసుకున్నాడు. ఒకవైపు వంద పౌన్లు. రెండోవైపు మూడు మాటలు: "కళ్లతో చూశాం. ఆరు నెలల పూచీ. పిలిస్తే వస్తాడు." రాసుకున్నాక కొంతసేపు ఆలోచించి, "తాతయ్యా, నేను ఆయనను మోసగాడు అన్నాను," అన్నాడు.

"ఆయన వినలేదులే," అన్నాను.

"నేను విన్నాను గదా!" అన్నాడు వాడు.

ఆ మాటకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. యంత్రం ఏది కొన్నా నాకు బాధ లేదనిపించింది.

వాళ్లు ముసలాయన దగ్గరే కొన్నారు. నేను తిరిగి వచ్చాక నెలన్నరకు ఎడమరెక్క నీరసించిపోయిందట. గోళీ సగం దూరం కూడా ఎక్కడం లేదట. ముసలాయన సైకిలుమీద వచ్చి, పలక లేపి, ఆ రెక్క చివరి స్విచ్చిని మావాడికే చూపించాడు. దాని ముఖానికి మసి పట్టి బలమైన చుట్టకు విద్యుత్తు సరిగ్గా అందడం లేదు. ఆ మసి తుడిచి, స్విచ్చి రేకులను సర్దేసరికి రెక్క మునుపటిలాగా ఎగిరింది. ఇరవై నిమిషాల పని. డబ్బేమీ తీసుకోలేదు, ఒక కప్పు టీ తాగి పోయాడు. రెండోసారి ఆ పని మావాడే చేశాడట, యంత్రాన్ని గోడనుంచి ఊడదీసి, వాళ్ల నాన్నను పక్కన నిలబెట్టుకుని.

ఇక మీకొక లెక్క. మీ ఇంట్లో ఈ మధ్య దూరంనుంచి తెప్పించిన వస్తువు ఏదైనా వుంటే, అది గడియారం కావచ్చు, ఫ్యాను కావచ్చు, ఒక కాగితం తీసుకుని దాని ధర రాయండి. దాని కింద రవాణా ఖర్చు, పన్ను, బిగించినవాడి కూలి రాసి కూడండి. పక్కనే, అదే వస్తువు మీ వూరి దుకాణంలో ఎంతో అడిగి రాయండి. చివరన ఒక ప్రశ్నకు జవాబు రాయండి: రేపు అది చెడిపోతే మన ఇంటికి ఎవరు వస్తారు? ఈ చివరి జవాబుకు అంకె వెయ్యడం కష్టం. అమ్మానాన్నలతో కూర్చుని ఆలోచించండి.